పెంకు మీది పేర్లు

ఆ రోజు సత్యప్రసాద్ చేయవలసిన పనులు ఇవి: పంచాయతీ ఆఫీసులో అమ్మ మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. రేషన్ కార్డులో ఆవిడ పేరు కొట్టేయించాలి. రామచంద్రపురంలో నాన్నకి బీపీ బిళ్ళలు, కంట్లో వేసే చుక్కల మందు కొనాలి. పెద్దకర్మ వంటలకి అద్దెకు తెచ్చిన గుండిగ ఒకటి ఇంట్లోనే ఉండిపోయింది, దాన్ని షామియానా వాళ్ళకి అప్పగించాలి. తను పనిచేసే ప్రైవేటు స్కూల్లో సెలవు చీటీ ఇవ్వాలి. ఇంటికొచ్చాక, గంప కింద ఆ రోజు గుడ్లలోంచి బయటికొచ్చే పిల్లల్లోంచి అమ్మ కోడి పిల్లను ఏరి నాన్న చేతిలో పెట్టాలి.

అన్నిటిలోకీ ఈ ఆఖరి పని తేలికైనదని అతను అనుకున్నాడు. అందుకే దాన్ని ఆఖర్న పెట్టుకున్నాడు.

సంపూర్ణమ్మ పోయి మూడు వారాలు కావస్తోంది. బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కూలబడిన మనిషి మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి ఊరికి ముసురు పట్టింది. ఆవిడ భర్త చంద్రరావుగారి మంచం వసారాలోంచి లోపలి గదిలోకి, అక్కణ్ణుంచి గోడ వారకి జరిగింది. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. కోడలు సూర్యకళ కంచం తెస్తే రెండు ముద్దలు తిని, మిగిలింది కుక్కకి పెట్టమనేవారు. ఆ మూడు వారాల్లో ఇంట్లో ఒళ్ళు చేసింది కుక్క ఒక్కటే.

పెద్దకర్మ నాడు కాలవ గట్టున పిండం పెడితే కాకి ముట్టలేదు. కొబ్బరి మట్ట మీద కూర్చుని చూసిందే కాని దిగలేదు. చినుకులు పడుతున్నాయి. బంధువులకి భోజనాల వేళ దాటిపోతోంది.

“ఆవిడకేం కోరికుండిపోయిందో చెప్పరా,” అని మేనమామ తొందరపెట్టాడు.

సత్యప్రసాద్ బి.యస్సీ చదివాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. కాకులకు మాటివ్వడం మీద అతనికి నమ్మకం లేదు. అయినా తడిసిన పంచెతో చేతులు కట్టుకుని, “నాన్నని బాగా చూసుకుంటానమ్మా,” అన్నాడు. కాకి కదల్లేదు. “చెల్లికి ఏటా చీర పెడతానమ్మా,” అన్నాడు. కాకి తల అటు తిప్పుకుంది.

“దాని ప్రాణమంతా కోళ్ళ మీదుంటే చీరలంటావేంట్రా!” అని వెనకనుంచి పక్కింటి పెద్దింట్లమ్మ కసిరింది. “కోళ్ళ సంగతి చెప్పు.”

“నీ పుట్టింటి కోడి జాతి పోకుండా నిలబెడతానమ్మా.”

కాకి దిగి ముద్ద ముట్టింది. ఊరంతా చూసింది.

ఆ కోడి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. సంపూర్ణమ్మ కాపురానికి వచ్చేటప్పుడు కోటిపల్లి రేవులో పడవ దిగుతూ చంకలో ఒక బూడిదరంగు పెట్టను తెచ్చుకుంది. దాని సంతతే ఆ పెరట్లో నిలిచిందని ఆవిడ గర్వం. మొగుడితో ఏ మాట తేడా వచ్చినా, చివరికి అక్కడికే వచ్చేది: “నా పుట్టింటి కోడి వంశం ఇంకా ఈ పెరట్లో తిరుగుతోందండీ. మీ తాతగారు మందలు మందలు మేపారన్న గేదెలేవీ?” అప్పుడు చంద్రరావుగారు కండువా భుజాన వేసుకుని కాలవ గట్టుకి వెళ్ళిపోయేవారు.

పెద్దకర్మ అయిన సాయంత్రం ఆయన గోడతో అన్నట్టుగా అన్నారు. “నలుగురిలో మాటిచ్చావు. పిల్లలు బయటికొచ్చాక, మీ అమ్మ కోడి పిల్లనొకదాన్ని నా చేతిలో పెట్టు. దానికి నూకలెయ్యడానికైనా లేస్తాను.”

ఆవిడ పోయాక ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే. సూర్యకళ తలుపు చాటున కళ్ళొత్తుకుంది. మందులు పనిచెయ్యని మనిషికి ఒక కోడిపిల్ల మీద ఆశ ఉందంటే, ఆ ఇంట్లో ఇక అందరి ఆశా దాని మీదే.

గుడ్లను సంపూర్ణమ్మే స్వయంగా పొదగేసింది, పోయే ముందు రోజు. అయితే అవి మూడిళ్ళ గుడ్లు. ఆ సంతతిలో ఇప్పుడున్న బూడిద పెట్ట కూర్చుందంటే లేవదని పేరు. పందెం కోళ్ళు పెంచే వెంకటరాజుగారి పెట్టలు తమ గుడ్లు తామే పొడుచుకునేవి. అందుకని ఆయన గుడ్లు కొన్ని పంపారు. పెద్దింట్లమ్మకి పశువులాసుపత్రి వాళ్ళిచ్చిన గవర్నమెంటు కోడి ఉంది. అది గుడ్లు పెట్టడమే తప్ప పొదగడం ఎరగదు. ఆవిడవీ కొన్ని కలిశాయి. ఎవరివేవో తెలియడానికి సంపూర్ణమ్మ వెంకటరాజుగారి గుడ్ల మీద బొగ్గుతో అడ్డగీత, పెద్దింట్లమ్మవాటి మీద చుక్క పెట్టింది. తనవాటి మీద ఏమీ పెట్టుకోలేదు.

తల్లి పోయాక ఒకరోజు సత్యప్రసాద్ ఆ గుడ్లు చూశాడు. బొగ్గు చెరిగిపోతోంది. బాధ్యత గల మనిషి కనక పెన్ను తీసుకుని, కోడి పొడిచినా ఓర్చుకుని, ఒక్కొక్క గుడ్డు మీదా గుండ్రంగా, స్పష్టంగా పేర్లు రాశాడు. కింద తేదీ కూడా వేశాడు. ఇక గొడవ లేదనుకున్నాడు.

ఆ రోజు పనులన్నీ ఒక్కటొక్కటే దెబ్బతిన్నాయి. పంచాయతీ ఆఫీసులో గుమాస్తా పెళ్ళికి వెళ్ళాడు. పత్రం లేనిదే రేషన్ కార్డులో పేరు కొట్టెయ్యం అన్నారు. “ఉండనివ్వండి మాస్టారూ, ఆవిడ పేరున పంచదార వస్తుంది కదా,” అని డీలరు ఓదార్చాడు. గుండిగకి సొట్ట పడిందని షామియానా వాళ్ళు పేచీ పెట్టారు. సెలవు చీటీ జేబులోనే తడిసి ముద్దయింది. మందులొక్కటే దొరికాయి. అతను సైకిలు మీద తడుస్తూ ఇంటికొచ్చేసరికి గంప కింద కిచకిచలు వినిపించాయి. గుమ్మంలోనే సైకిలు పడేసి పెరట్లోకి పరుగెత్తాడు.

“వచ్చేశాయండీ!” అంది సూర్యకళ మొహం వెలిగిపోతూ. “అన్నీ చక్కగా ఉన్నాయి. తల్లి కింద తడారాయి కూడాను. మావయ్యగారికి చెప్పేశాను. తలగడకి ఆనుకుని కూర్చున్నారు.”

సత్యప్రసాద్ గంప ఎత్తాడు. కోడి రెక్కల కిందనుంచి డజను దాకా చిన్న మొహాలు చూశాయి. కొన్ని గోధుమరంగు చారలవి, కొన్ని నల్లగా, కొన్ని లేత పసుపు. అతను చాలాసేపు చూశాడు.

“పేర్లేవి?” అన్నాడు.

“ఏం పేర్లండీ?”

“గుడ్ల మీద రాశాను కదా.”

“అవి పెంకుల మీద ఉన్నాయండీ.”

“పెంకులేవి?”

“ఊడ్చి పెంటకుప్పలో వేశానండీ. ఉంచమన్నారా?”

ఆ క్షణం దాకా అతనికి ఆ ఆలోచనే రాలేదు. అయినా గొడుగు వేసుకుని పెంటకుప్ప దగ్గరికి వెళ్ళి, పుల్లతో కెలికి, పెంకులన్నీ ఏరాడు. రాత ఏమాత్రం చెదరలేదు. ‘అమ్మ’ అన్న అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అతను ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఆ పెంకు పట్టుకుని వానలో నిలబడిపోయాడు.

గోడ మీదుగా పెద్దింట్లమ్మ చూసింది. “ఏంట్రా ప్రసాదూ, ఏం పోయింది?”

చెప్పాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

“మీ అమ్మ పిల్లలు బయటికొచ్చే రోజు గంప దగ్గర్నుంచి లేచేది కాదురా. పెంకు పగిలి పిల్ల తడితడిగా బయటపడగానే, ఏ పెంకులోంచొచ్చిందో చూసి కాలికి రంగుదారం కట్టేది. అన్నం కూడా అక్కడే తినేది. నువ్వు పెంకు మీద రాసి ఊరెళ్ళిపోతే, పిల్ల తన పేరు చదువుకుని పుడుతుందనుకున్నావా?”

“ఎవరూ చెప్పలేదు పిన్నీ.”

“చెప్పాల్సిన మనిషి వెళ్ళిపోయింది కదరా,” అంది పెద్దింట్లమ్మ. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తరవాత ఆవిడే అంది: “డిగ్రీలో కోళ్ళ గురించి చెప్పలేదేంటి?”

“చెప్పారు. గుడ్డులో పిండం పెరగడం దాకా చెప్పారు. పొదిగే మూడో రోజు దాకా నాకు బాగా తెలుసు.”

“తరవాత?”

“తరవాత పాఠం కుందేలు పిన్నీ.”

లోపల్నుంచి చంద్రరావుగారి గొంతు వినిపించింది. “ప్రసాదూ, తెచ్చావా?”

మూడు వారాలుగా వినని హుషారు ఆ గొంతులో ఉంది. ఆ గొంతుకి ‘తెలియదు నాన్నా’ అని జవాబు చెప్పడం సత్యప్రసాద్‌కి చేతకాలేదు. గంప కింద చెయ్యి పెట్టి, అందిన గోధుమరంగు పిల్లను తీసుకుపోయి తండ్రి చేతిలో పెట్టాడు.

“ఇదేనా?”

“ఇదే నాన్నా.”

చంద్రరావుగారు రెండు చేతుల్లోనూ దాన్ని పొదువుకున్నారు. ఆయన బొటనవేలు దాని తల మీద కదిలింది. “వేడిగా ఉంది,” అన్నారు. గుమ్మంలో సూర్యకళ మొగుడి వంక కృతజ్ఞతగా చూసింది. అతను నేల చూపులు చూశాడు.

ఇంతలోనే వెంకటరాజుగారు గొడుగు ముడుస్తూ వసారా ఎక్కారు. పరామర్శకని వచ్చారు కాని కళ్ళు కోడిపిల్ల మీదే ఉన్నాయి. ఎంత కోపమొచ్చినా ‘అండి’ మానని మనిషి ఆయన.

“చంద్రరావుగారూ, ఏమీ అనుకోకండి, తమరి చేతిలో ఉన్నది మా పిల్లండి.”

“ఎలా చెప్తారు?” అన్నాడు సత్యప్రసాద్ గతుక్కుమని.

“కాళ్ళు చూడండి, దుంగల్లా లేవూ? పుట్టుకతోనే యోధుడండి ఆయ్. మొహం మీద ఊదండి, వెనక్కి తగ్గితే నా పేరు మార్చుకుంటాను.”

సత్యప్రసాద్ ఊదాడు. పిల్ల కళ్ళు మూసుకుంది.

“చూశారా, లెక్క చెయ్యలేదు!” అన్నారు వెంకటరాజుగారు.

“నిద్రొస్తోంది దానికి,” అంది పెద్దింట్లమ్మ వెనకనే వచ్చి. “అది మా గవర్నమెంటు కోడి పిల్ల. మా కోడి కూడా అంతే, ఎవర్నీ లెక్క చెయ్యదు.”

“అక్కగారూ, మీరు పెద్దవారు, తమరితో వాదించలేనండి. కానీ తమరు చెప్పేది శుద్ధ అబద్ధమండి.”

తండ్రి కళ్ళు ఒకరి మొహంనుంచి ఒకరి మొహానికి తిరుగుతుంటే సత్యప్రసాద్‌కి అక్కడ నిలబడబుద్ధి కాలేదు. “వెలుగులో చూసి తెస్తాను నాన్నా,” అని పిల్లను తీసుకుని పెరట్లోకి వెళ్ళి, దాన్ని వదిలి, నల్లదాన్ని పట్టుకొచ్చాడు. వెంకటరాజుగారు గుమ్మంలోనే ఆపి, ఆ నలుపు తన కాకి రంగు పుంజుదేనన్నారు. అతను మళ్ళీ వెళ్ళి పసుపుది తెచ్చాడు. అది తనదేనని పెద్దింట్లమ్మ ఒట్టేసింది. ఈలోగా కరెంటు పోయింది. దేవుడున్నాడనుకుని, చీకట్లో ఆ పసుపుదాన్నే తండ్రి చేతిలో పెట్టేశాడు.

“ఇందాక ఇంత బరువు లేదురా,” అన్నారు చంద్రరావుగారు.

“నూకలు తింది నాన్నా.”

ఆయన పిల్లను వెనక్కిచ్చేసి, తలగడ మీద వాలి, మెల్లగా మళ్ళీ గోడవైపు తిరిగారు. ఆ రాత్రి రెండు ముద్దలు కూడా తినలేదు. కుక్క కంచం ఖాళీ చేసింది.

తెల్లవారి సత్యప్రసాద్ పశువులాసుపత్రి కాంపౌండరు శాంతికుమార్‌ని సైకిలు మీద ఎక్కించుకొచ్చాడు. శాంతికుమార్ పిల్లల్ని ఒక్కొక్కటే ఎత్తి, రెక్కలు విప్పి, వెనక్కి తిప్పి, వెలుగులో పెట్టి చూశాడు. మూడిళ్ళవాళ్ళూ ఊపిరి బిగబట్టారు.

“ఇవి కోడిపిల్లలేనండి,” అన్నాడు చివరికి.

“అది మాకూ తెలుసు బాబూ. ఏ జాతివి?”

“జాతి చెప్పాలంటే ఈకలు రావాలండి. ఇప్పుడు చెప్పమంటే నోటికొచ్చింది చెప్పాలి. అలా చెప్పడానికి డాక్టరుగారున్నారు, ఆయన సెలవులో ఉన్నారు. వచ్చాను కదా, కొక్కెర తెగులు రాకుండా చుక్కలు వేసి వెళ్తాను. ఆ తెగులు తగిలిందంటే పెరట్లో ఒక్కటీ మిగలదు.”

కొక్కెర తెగులన్న మాట వినగానే పెద్దింట్లమ్మ ఎందుకో లోపలి గది కిటికీ వంక చూసి, చూపు తిప్పుకుంది. ఎవరూ గమనించలేదు.

ఈకలు వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. కనక పెద్దమనుషుల ఒప్పందం ఒకటి జరిగింది. కాళ్ళు లావుగా ఉన్నవి వెంకటరాజుగారివి. వాటికి నీలం దారం. లేత పసుపువి పెద్దింట్లమ్మవి. వాటికి పసుపు దారం. మిగిలినవి సంపూర్ణమ్మవి, వాటికి ఎర్ర దారం. తల్లిని వదిలి ఉండలేవు కనక కొన్నాళ్ళు అన్నీ ఇక్కడే ఉంటాయి. దారాలు సూర్యకళ కుట్టుమిషను సొరుగులోంచి వచ్చాయి. సత్యప్రసాద్ ముడులు వేశాడు. తల్లి ఇలాగే వేసేదేమో అనుకుంటే కళ్ళు మసకబారి రెండు ముడులు ఊడిపోయాయి.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. కోడి పిల్లలతో పెరట్లోకి దిగింది. అప్పుడు ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. నీలం, పసుపు దారాల పిల్లలకి ఎర్ర దారాలు ఎర్రల్లా, వానపాముల్లా కనిపించాయి. వెంటపడి పొడవడం మొదలెట్టాయి. ఎర్ర దారాలవి తల్లిని విడిచి గోడ వారకి, అక్కణ్ణుంచి బయట బోరింగు దగ్గరికి పారిపోయాయి. కొబ్బరి మట్ట మీదనుంచి ఒక కాకి దిగింది. సూర్యకళ చీపురు పట్టుకుని పరుగెత్తేలోగా ఎర్ర దారం ఒకటి గాల్లోకి లేచి, కాలవ వైపు వెళ్ళిపోయింది.

సూర్యకళ కేక విని వీధంతా వచ్చింది.

“కాకి కాదమ్మా అది,” అన్నాడు ఎవరో పెద్దాయన గొంతు తగ్గించి. “సరిగ్గా బోరింగు దగ్గర. ఆవిడ కూలిన చోటే.”

అందరూ కాలవ వైపు చూసి దణ్ణం పెట్టారు. 

“ఇంకేంటండి, తేలిపోయింది,” అన్నారు వెంకటరాజుగారు. “తన జాతి పిల్లని తనే వచ్చి గుర్తుపట్టి తీసుకెళ్ళారు. ఎర్ర దారం ముమ్మాటికీ నిజమండి. అంటే నీలం దారం కూడా నిజమేనండి.”

“అదెలా?” అని పెద్దింట్లమ్మ లేచింది. “ముద్దుల పిల్లని ఎవరైనా ముక్కుతో పొడిచి పట్టుకెళ్తారా? అది తనది కాదు. ‘నా పేరున ఎవరి పిల్లకో దారం కట్టారేంటి’ అని కోపమొచ్చి తీసి పారేసింది.”

ఊరు రెండుగా చీలిపోయింది. సంపూర్ణమ్మ మెచ్చి తీసుకెళ్ళిందని కొందరు, నచ్చక తీసేసిందని కొందరు. బతికుండగా ఆవిడ తత్వం ఎలాంటిదో ఉదాహరణలు చెప్పుకున్నారు. ఆవిడ తనకి నచ్చని చీరను ఎలా మడతపెట్టేదో కూడా చర్చకి వచ్చింది. ఏ పక్షం వారైనా ఒక్క విషయంలో ఏకమయ్యారు: కాలవ గట్టున ఇచ్చిన మాట సత్యప్రసాద్ తప్పాడు.

“దీనికొక్కటే మార్గమండి,” అన్నారు వెంకటరాజుగారు. “మూడు రంగుల్లోంచీ ఒక్కొక్క పిల్లని బోరింగు దగ్గర పెడదామండి. ఆవిడే చెప్తారు.”

మెత్తటి మనిషని పేరున్న సూర్యకళ చీపురు తిరగేసింది. “మా అత్తగారు చీమకి కూడా నూక వేసిన మనిషండి! ఆవిడ పేరు చెప్పి కాకికి కోడిపిల్లల్ని పెడతారా? నడవండి, నడవండి మా పెరట్లోంచి!”

వెంకటరాజుగారు గోడ దాకా వెనక్కి తగ్గారు. మొహం మీద ఎవరూ ఊదకుండానే.

“ప్రసాదూ.”

కిటికీలోంచి చంద్రరావుగారి పిలుపు. సత్యప్రసాద్ లోపలికి వెళ్ళి మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. తల్లి పోయిన రోజున బంధువులకి కబురు చెయ్యడానికి ఎస్టీడీ బూతు చుట్టూ, కట్టెలకి, బ్రాహ్మడికి తిరగడంతో అతనికి ఏడవడానికి తీరిక దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

“నాకు తెలీదు నాన్నా. ఏది అమ్మదో నాకు తెలీదు. నిన్న మీకిచ్చింది కూడా నోటికొచ్చినట్టు చెప్పి ఇచ్చాను. పేర్లు పెంకు మీద రాశాను. ఆవిడ కోరింది ఒక్కటే, అది కూడా నిలబెట్టలేకపోయాను.”

చంద్రరావుగారు గోడవైపునుంచి ఇటు తిరిగారు. కొడుకు తల మీద చెయ్యి వేశారు.

“ఊరుకోరా. అది నీవల్ల పోలేదు. ఆ జాతి ఎప్పుడో పోయింది.”

సత్యప్రసాద్ తలెత్తాడు.

“నువ్వు పుట్టిన ఏడు. మీ అమ్మ పురిటికెళ్ళింది. ఇక్కడ కొక్కెర తెగులొచ్చి పెరట్లో కోళ్ళన్నీ పోయాయి, ఆ బూడిద పెట్టతో సహా. బాలింత మనిషికి ఏమని చెప్పను? ద్రాక్షారం, మండపేట, ఎక్కడ సంత జరిగితే అక్కడికెళ్ళాను. అచ్చం అలాంటిదే ఒకటి దొరికింది. తెచ్చి గంప కింద పెట్టాను. వచ్చీ రాగానే గంప ఎత్తి చూసి, ‘నా పుట్టింటి కోడి’ అని ఒళ్ళోకి తీసుకుంది. ఇంకేం చెప్తాను? మన పెరట్లో తిరిగిందంతా సంత కోడి వంశమే.”

“మరి గేదెల గురించి అమ్మ దెప్పినప్పుడల్లా…”

“నోరు జారతానని భయమేసేది. కాలవ గట్టుకి పోయేవాణ్ణి.”

తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర పెద్దింట్లమ్మ గొంతు సవరించుకుంది. చాలాసేపటినుంచి ఆవిడ అక్కడే నిలబడి, చెప్పాలా వద్దా అని కొంగు నలుపుతోంది.

“బావగారూ, ఒట్టు వేయించుకున్న మనిషే లేదు కనక చెప్తున్నాను. ఆ సంగతి దానికి తెలుసండీ.”

“ఏ సంగతి?”

“అది సంత కోడని. వచ్చిన రోజే తెలిసిపోయింది. పుట్టింటినుంచి తెచ్చినదానికి ఎడం కాలికి ఒక గోరు లేదంట, చిన్నప్పుడు రోలు కింద పడి. మీరు తెచ్చినదానికి గోళ్ళన్నీ ఉన్నాయంట. ‘పాపం, ఎన్ని సంతలు తిరిగారో. తెలిసిందని చెబితే చిన్నబోతారు’ అని నాచేత ఒట్టేయించుకుంది.”

చంద్రరావుగారు పైకప్పు వంక చూస్తూ ఉండిపోయారు. ఆయనకి ఏమైనా అవుతుందేమోనని సత్యప్రసాద్ చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ఆ చెయ్యి విదిల్చుకున్నారు.

“తెలిసేనా?” అన్నారు.

“ఆయ్, తెలిసే,” అంది పెద్దింట్లమ్మ.

“తెలిసే ఇన్నేళ్ళూ మా తాతగారి గేదెల్ని దెప్పిందా?” ఆయన లేచి కూర్చున్నారు. “నేను సంతలో బేరమాడి, చంకలో పెట్టుకుని నడిచొచ్చిన కోడిని చూపించి, నన్నే దెప్పిందా?” కాళ్ళు నేల మీద పెట్టారు. “నా కండువా ఏది?”

సూర్యకళ పరుగెత్తుకుని కండువా తెచ్చింది. మూడు వారాలుగా వసారా చూడని మనిషి గడప దాటి, వసారా దాటి, చినుకుల్లో పెరటి మధ్య నిలబడ్డారు. జనం దారిచ్చారు. కాకి మళ్ళీ వచ్చి కొబ్బరి మట్ట మీద కూర్చుని ఉంది.

“పుట్టింటి కోడా?” అని ఆయన దాన్ని గద్దించారు. “ఇప్పుడు చెప్పు, ఎవరి పుట్టింటి కోడి?”

“చంద్రరావుగారూ, వానలో తడిస్తే…” అని వెంకటరాజుగారు గొడుగు పట్టబోయారు.

“మీరుండండి రాజుగారూ. ఇది మా ఇద్దరి గొడవ.”

కాకి ఎగిరిపోయింది. ఆయన అది వెళ్ళినవైపే చాలాసేపు చూసి, నూకల చేట అందుకుని కోడి ముందు గుప్పెడు చల్లారు. “అన్నం పెట్టమ్మా సూర్యకళా,” అన్నారు వెనక్కి తిరగకుండా. “నీరసంగా ఉంది. ఈవిడతో పడాలంటే ఓపిక కావాలి.”

ఆ పూట ఆయన కంచం ఖాళీ చేశారు. కుక్క గుమ్మంలో చివరిదాకా కూర్చుని, నమ్మలేనట్టు లేచి వెళ్ళిపోయింది. చెయ్యి కడుక్కుంటూ ఆయన ఒకే ఒక్క మాట అన్నారు, నీళ్ళు పోస్తున్న కోడలికి మాత్రమే వినపడేలా: “గోళ్ళు చూసుకోలేదమ్మా నేను.”

తరవాత ఈకలు వచ్చాయి. ఎర్ర దారం కట్టినవన్నీ గవర్నమెంటు కోళ్ళుగా తేలాయి. చంద్రరావుగారి పెరట్లో అవి ఇప్పుడు గుడ్లు పెడుతున్నాయి, పొదగడం మాత్రం ఎరగవు. కాళ్ళు చూసి వెంకటరాజుగారు ఏరుకున్న యోధుల్లో ఒకటి బూడిదరంగు పెట్టయింది. అది బరిలోకి దిగకుండా, ఆయన పశువుల పాకలో గుడ్ల మీద కూర్చుంది. “పోరుకి తొందరేముందండి, ఆలోచిస్తోందండి,” అని ఆయన చెప్పుకుంటున్నారు. చంద్రరావుగారు రోజూ కండువా వేసుకుని, జేబులో నూకలు పోసుకుని అక్కడికి వెళ్ళి, దానితో కాసేపు పోట్లాడి వస్తున్నారు. కాలవ గట్టున ఇచ్చిన మాట అలా పరాయి పాకలో నిలబడింది.

మీ వైపు ఎక్కడైనా గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చే వేళ ఒక పెద్దావిడ రంగుదారాలు ఒళ్ళో పెట్టుకుని, అన్నం కంచంతో సహా గంప పక్కన కూర్చుని కనిపిస్తే, సంపూర్ణమ్మను ఒక్కసారి తలుచుకోండి. తలుచుకునే ముందు మాత్రం కోడిపిల్లల్ని గంప కింద పెట్టండి.